కెమెరాకు వయసు ఎక్కడొస్తుంది?



ఫొటోలంటే ఇష్టమున్న ఇళ్లలో ఈమధ్య ఒక ప్రశ్న తరచు వినిపిస్తోంది. బీరువాలో పదిహేనేళ్లు దాటిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఒకటుంది. పట్టుకుంటే బరువు, సంచీలో పెడితే చోటు చాలదు. దాన్ని అమ్మేసి కొత్త సూపర్‌జూమ్ కొనుక్కుంటే ఎలా ఉంటుంది? దానికి లెన్సు మార్చే పనే లేదు. వాకిట్లో ముగ్గునూ తీస్తుంది, ఆకాశంలో చంద్రుణ్నీ తీస్తుంది. కొత్తగా ఫొటోలు నేర్చుకునే కుర్రవాళ్లు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతారు: "అంతకన్నా తక్కువలో కోఠిలో సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ దొరుకుతుందట, అది కొనమంటారా?"

సలహా చెప్పేవాళ్లు సాధారణంగా రెండు జట్లుగా ఉంటారు. "ఇన్నేళ్లలో టెక్నాలజీ ఎక్కడికో పోయింది, పాతదాన్ని వదిలించుకో" అంటుంది ఒక జట్టు. "ఎంతైనా డీఎస్‌ఎల్‌ఆర్ డీఎస్‌ఎల్‌ఆరే, సూపర్‌జూమ్ ఆటబొమ్మ" అంటుంది రెండో జట్టు. ఒకరు పుట్టిన సంవత్సరం చూసి తీర్పు చెబుతున్నారు, ఇంకొకరు వంశం చూసి. మీరు ఏ ఫొటో తీయబోతున్నారని ఇద్దరూ అడగరు. ఆ సంగతి తెలిస్తే, ఇంట్లో కూర్చుని ఒక్క భాగహారంతో ఈ తగవు చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ లెక్క ఏమిటో ఈ ప్రసంగంలో చెబుతాను.

గాలిలో మాట్లాడుకోకుండా రెండు కెమెరాలను ఎదురెదురుగా పెట్టుకుందాం. పాతవాటి తరఫున నికాన్ డీ90. 2008 ఆగస్టులో ప్రకటించారు. 12 మెగాపిక్సెళ్లు. వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్‌ఎల్‌ఆర్ ఇదే. కొత్తవాటి తరఫున అదే కంపెనీ కూల్‌పిక్స్ పీ900. 2015 మార్చిలో వచ్చింది. 16 మెగాపిక్సెళ్లు, 83 రెట్ల జూమ్. కెమెరాను చేత్తో పట్టుకునే చంద్రుడి మీది గుంటల్ని ఫొటో తీయవచ్చని లోకమంతా చెప్పుకున్నది దీని గురించే. దీని తరువాత 2020లో అదే లెన్సుతో పీ950 వచ్చింది. అంతకుముందు 2018లో మరింత పొడుగు జూమ్‌తో పీ1000 వచ్చింది. ఒక్క కంపెనీ కెమెరాలే తీసుకున్నాను కాబట్టి బ్రాండ్ అభిమానాలు మన లెక్కలో అడ్డు రావు.

ముందుగా అందరూ చెప్పే తేడా, సెన్సర్. లెన్సు తెచ్చిన బొమ్మ పడేది దాని మీదే. డీ90 సెన్సర్ పొడవు 23.6 మిల్లీమీటర్లు, వెడల్పు 15.8. ఇంచుమించు ఒక తపాలా బిళ్లంత. పీ900 సెన్సర్ 6.2కి 4.6 మిల్లీమీటర్లు, అంటే ఒక శనగపప్పు బద్దంత. వైశాల్యంలో దాదాపు 13 రెట్ల తేడా. ఆ బద్దంత చోటులోనే 16 మెగాపిక్సెళ్లను ఇరికించారు. కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు దొరికే వెలుతురు తక్కువ, మసక వెలుతురులో బొమ్మ నిండా చుక్కలు, మన ఫొటోగ్రాఫర్లు గ్రెయిన్ అనేది. ఇంతవరకు నిజమే. చాలామంది ఇక్కడే ఆగి, పెద్ద సెన్సర్ గెలిచింది అని తేల్చేస్తారు. కానీ సెన్సర్ ఎంత పెద్దదైనా, దాని మీద పడేది లెన్సు లోపలికి రానిచ్చిన వెలుతురే కదా. లెన్సు ఎంత రానిస్తోందో చూడకుండా సెన్సర్‌ను మెచ్చుకుంటే సగం లెక్కే చేసినట్టు.

ఇప్పుడు మన భాగహారం. కాగితం, కలం దగ్గరుంటే అందుకోండి. లెన్సు ముందు అంచు మీద రెండు రకాల అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్. రెండోది ఎఫ్ అంకె, 1.8 అనో 5.6 అనో. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చిన జవాబే ఆ లెన్సులో వెలుతురు ప్రవేశించే రంధ్రం వెడల్పు. దీన్నే అపర్చర్ అంటాం. అదే దూరంలో ఉన్న అదే మనిషిని, అదే వెడల్పు ఫ్రేములో, అదే షట్టర్ వేగంతో రెండు కెమెరాలతో తీస్తే, ఎవరి రంధ్రం పెద్దదైతే వాళ్లకు అంత ఎక్కువ వెలుతురు చేరుతుంది. రంధ్రం వెడల్పు రెట్టింపైతే వెలుతురు నాలుగింతలు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. సూపర్‌జూమ్ పెట్టె మీద 24 నుంచి 2000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. అది అసలు కొలత కాదు. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాతో అంత దగ్గరగా కనపడాలంటే ఎంత లెన్సు కావాలో చెప్పే పోలిక అంకె. అసలు కొలత లెన్సు మీదే ఉంటుంది. పీ900 లెన్సు మీద 4.3 నుంచి 357 అని ఉంటుంది. భాగహారానికి ఈ అంకెనే తీసుకోవాలి.

ఇక పెళ్లి మండపానికి వెళదాం. రాత్రి ముహూర్తం. ఫ్లాష్ వేయకుండా, ఆ దీపాల వెలుతురులోనే పెళ్లికూతురి ముఖం తీయాలి. డీ90కి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు తగిలించాం. ధర తక్కువ కాబట్టి చాలామంది, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సు తరువాత కొనే మొదటి లెన్సు అదే. 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్లు. పీ900తో అంతే ఫ్రేము రావాలంటే, అసలు కొలతలో 13 మిల్లీమీటర్లకు కాస్త పైగా జూమ్ చేయాలి. ఆ లెన్సు ఇవ్వగల అతి మంచి అంకె ఎఫ్ 2.8. జూమ్ చేసేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది, అయినా పోనీ 2.8 అనే అనుకుందాం. భాగిస్తే 5 మిల్లీమీటర్లు కూడా రాదు. ఒక వైపు 28, ఇంకో వైపు 5 లోపు. వెలుతురులో 30 రెట్లకు పైగా తేడా. మధ్యలో ఏడేళ్ల టెక్నాలజీ ఉన్నా ఆ 30 రెట్లను పూడ్చలేదు. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కూడా ఈ రంధ్రం చేతిలోనే ఉంది. పెళ్లికూతురి వెనక కుర్చీలు, ఫ్యాన్లు, భోజనాలకు తొందరపడే బంధువులు మెత్తగా కరిగిపోవాలంటే 28 మిల్లీమీటర్లు కావాలి. 5తో అందరూ స్పష్టంగా కనపడతారు.

ఇదే డీ90కి 50 లెన్సు తీసేసి, మామూలు కిట్ లెన్సు తగిలిస్తే? అదే 50 దగ్గర దాని అంకె 5కు దగ్గరలో ఉంటుంది. రంధ్రం 10 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఆధిక్యం 30 రెట్ల నుంచి నాలుగు రెట్లకు వచ్చేసింది. కెమెరా మారలేదు, సెన్సర్ మారలేదు. అందుకే డీఎస్‌ఎల్‌ఆర్ కొని కిట్ లెన్సుతోనే సరిపెట్టుకునేవాళ్లు, "దీనికీ ఫోనుకూ తేడా ఏముంది?" అంటే, వాళ్ల నిరాశ న్యాయమైనదే. డీఎస్‌ఎల్‌ఆర్ బలం బాడీలో కాక, దానికి తగిలించగల లెన్సుల్లో ఉంది. లెన్సును బాడీకి తగిలించే నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో మొదలైంది. ఫిల్ము కాలంలో వచ్చిన ఆటోఫోకస్ లెన్సులు కూడా డీ90 మీద చక్కగా ఫోకస్ అవుతాయి, వాటిని తిప్పే మోటారు బాడీలోనే ఉంది కనుక.

ఇప్పుడు మండపం దాటి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డెక్కుదాం. ఆ రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు అక్కడి లోతులేని నీళ్లలో మేస్తుంటాయి. మనం రోడ్డు మీద, అవి ఎక్కడో దూరాన, గులాబీ గీతలా. నీళ్లలోకి దిగి దగ్గరకు పోలేం, పోకూడదు కూడా. ఇక్కడ డీ90కి 50 లెన్సు ఎందుకూ పనికిరాదు. చాలామంది దగ్గర ఉండే పెద్ద లెన్సు 70-300. ఆ చివర 300, అంకె 5.6. భాగిస్తే 54 మిల్లీమీటర్లు. పీ900 జూమ్‌ను పూర్తిగా చాపితే 357, అంకె 6.5. భాగిస్తే 55 మిల్లీమీటర్లు.

54, 55. ఈ రెండు అంకెల్నీ కాసేపు చూడండి. పెళ్లి మండపంలో ఐదు మిల్లీమీటర్లు కూడా తెరవలేకపోయిన కెమెరా, పులికాట్ ఒడ్డున పెద్ద లెన్సు వేసిన డీఎస్‌ఎల్‌ఆర్‌తో సమానంగా నిలబడింది. దూరాన ఉన్న ఆ ఒక్క ఫ్లెమింగో నుంచి వచ్చే వెలుతురు రెండు కెమెరాలకూ ఒకటే. శనగపప్పు బద్దంత సెన్సర్ అని తీసిపారేయడానికి ఇక్కడ వీల్లేదు. ఎందుకంటే డీ90 తపాలా బిళ్ల మీద ఆ పక్షి పడేది కూడా ఒక చిన్న మూలలోనే. మిగతా సెన్సరంతా ఉత్త నీళ్లే. ఆ నీళ్లను తరువాత మనం ఎలాగూ క్రాప్ చేసి పారేస్తాం.

పైగా పీ900 ఆ పక్షిని మరింత వివరంగా పడుతుంది. చంద్రుడితో చూపిస్తే బాగా తెలుస్తుంది. 300 లెన్సుతో డీ90 మీద పూర్ణచంద్రుడు ఫ్రేము ఎత్తులో ఆరో వంతు ఉంటాడు, అడ్డంగా సుమారు 500 పిక్సెళ్లు. పీ900లో ఫ్రేము ఎత్తులో 70 శాతం నిండిపోతాడు, అడ్డంగా 2,400 పిక్సెళ్ల పైన. చంద్రుడి మీద పడేది ఎండే కాబట్టి చీకటి రాత్రైనా వెలుతురుకు కొదవ లేదు. ఇక బరువు సంగతి. బ్యాటరీతో డీ90 సుమారు 700 గ్రాములు, 70-300 లెన్సు మరో 745. మొత్తం కిలోన్నరకు దగ్గర. పీ900 దాదాపు 900 గ్రాములు. అంతే రంధ్రం, ఎక్కువ దూరం, అరకిలోకు మించి తక్కువ బరువు. ఇది ఆటబొమ్మ అనేవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

అయితే సూపర్‌జూమ్ అని పేరున్నవన్నీ ఒకటి కాదు. జేబులో పట్టేవీ ఉన్నాయి. కానన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740, 2018 నాటిది. బరువు 300 గ్రాముల లోపే, జూమ్ 40 రెట్లు. దాని చివరి కొలత 172, అంకె 6.9. భాగిస్తే 25 మిల్లీమీటర్లు. పీ900 రంధ్రంలో సగానికన్నా తక్కువ కాబట్టి వెలుతురు నాలుగో వంతు కూడా రాదు. ప్రయాణాల్లో అది హాయిగా ఉంటుంది. దూరపు పక్షి విషయంలో మాత్రం ఆ తేలికదనానికి ధర చెల్లించాల్సిందే. దానికి 20 మెగాపిక్సెళ్లున్నాయి కదా అంటారా? ఎంత సన్నని వివరం విడివిడిగా కనపడాలన్నదానికి హద్దు గీసేది కూడా ఆ రంధ్రమే. దాన్ని మించి మెగాపిక్సెళ్లు పెంచినా, జూమ్ అంకె పెంచినా బొమ్మ పెద్దదవుతుందే కానీ కొత్త ఈక ఒక్కటి కూడా కనపడదు. ఇటువైపు పీ1000ను చూడండి. 539ని 8తో భాగిస్తే 67 మిల్లీమీటర్లు. దాని బరువు 1,400 గ్రాములు దాటుతుంది. పెద్ద రంధ్రానికి పెద్ద గాజు కావాలి, పెద్ద గాజు బరువు తూగుతుంది. ఏ కంపెనీ అయినా ఈ లెక్క దాటలేదు.

రంధ్రం చెప్పని సంగతులూ ఉన్నాయి. ఫ్లెమింగో నీళ్లలో నిలబడి ఉన్నంతసేపు వెలుతురులో రెండూ సమానం. అది రెక్క విప్పి ఎగిరిందా, పాత కెమెరా ముందుకొస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది. అది వెలుతురును పైన ఉన్న ప్రిజం గుండా మీ కంటికి పంపుతుంది. మీరు చూసేది తెర కాదు, అసలు దృశ్యమే. ఆలస్యమన్న మాటే లేదు. ఆ వెలుతురులో కొంత కిందికి దిగి ఫోకస్ సెన్సర్లకు వెళుతుంది. ఫోకస్ ముందుకు తప్పిందా, వెనక్కి తప్పిందా, ఎంత తప్పిందన్నది అవి ఒక్క చూపులో చెబుతాయి. పీ900 లాంటి కెమెరా అలా కాదు. లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, బొమ్మ ఎక్కడ స్పష్టంగా ఉందో వెతుక్కుంటుంది. ఆ వెతుకులాట అయ్యేలోపు పక్షి వెళ్లిపోతుంది. పైగా జూమ్ పూర్తిగా చాపినప్పుడు కనపడేది దాదాపు ఒక డిగ్రీ వెడల్పే. వంద మీటర్ల దూరంలో రెండు మీటర్లు కూడా పట్టదు. పక్షి కాస్త కదిలితే చాలు, ఫ్రేములో ఉత్త ఆకాశం మిగులుతుంది. అందుకే లెన్సు పక్కన ఒక మీట పెట్టారు. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వస్తుంది, పక్షిని మళ్లీ వెతుక్కుని వదిలేస్తే ముందుకు పోతుంది. కొన్నవాళ్లు మొదట అలవాటు చేసుకోవాల్సింది ఈ మీటనే.

ఇంకొకటి, మన ఎండలు. మిట్టమధ్యాహ్నం నేల వేడెక్కి, దాని మీది గాలి అలలు అలలుగా లేస్తుంది. దూరంలో ఉన్న వస్తువు నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. జూమ్ ఎంత పెరిగితే ఆ ఊగుడూ అంత పెరుగుతుంది. ఫొటో మెత్తగా వస్తే లెన్సును తిట్టుకుంటారు గానీ, తప్పు మధ్యలో ఉన్న గాలిది. దానికి మందు ఒకటే: తెల్లవారగానే వెళ్లడం, వీలైనంత దగ్గరగా ఉండటం.

దగ్గర అన్నాను కనుక మన పక్షుల చోట్లు గుర్తు చేస్తాను. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరి పక్కనే గూళ్లు కడతాయి. కొల్లేటి దగ్గర ఆటపాకలో పడవ మీద పోతే గూడబాతులు బాగా దగ్గరగా కనపడతాయి. అలాంటి చోట 300 లెన్సు చాలు, కొన్నిసార్లు ఎక్కువ కూడా. పక్షి ఫ్రేము నిండుతుంది, అప్పుడు పెద్ద సెన్సర్ అంతా పనిలోకి వస్తుంది, ఎగిరే పక్షి మీద ఫోకస్ నిలుస్తుంది. అక్కడ నా ఓటు డీఎస్‌ఎల్‌ఆర్‌కే. పులికాట్ ఒడ్డుకు సూపర్‌జూమ్. పక్షులన్నీ పక్షులే, దూరాన్ని బట్టి కెమెరా మారింది, అంతే.

ఇప్పుడు వయసు మాట. కెమెరాలో ముసలయ్యే భాగాలు కొన్ని, కానివి కొన్ని. వీడియో ముసలైంది: డీ90 వీడియో 720 గీతలది, రికార్డు చేస్తుండగా ఫోకస్ తనంతట తాను సర్దుకోదు. చిన్న ఫోను కూడా దాన్ని మించిపోయింది. కార్డు ముసలైంది: అది ఒప్పుకునేది 32 జీబీ వరకే, బజార్లో దొరికే 64 జీబీ కార్డు కొని తెచ్చి కెమెరా పాడైందనుకోకండి. ఫొటోను ఫోనుకు పంపే వైఫై అందులో లేదు, పీ900లో ఉంది. కానీ సెన్సర్ కొలత, లెన్సు గాజు, ప్రిజం, వీటికి సంవత్సరాలతో పని లేదు. 2008లో 28 మిల్లీమీటర్లున్న రంధ్రం ఇవాళా 28 మిల్లీమీటర్లే. సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైలును డీ90 ఇస్తుంది, పీ900 ఇవ్వదు. ఇవాళ్టి నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌లో ఆ పాత రా ఫైలును తెరిస్తే, అప్పట్లో పనికిరావని వదిలేసిన ఫొటోలు కూడా కళకళలాడతాయి. ఒక్క చార్జింగ్‌తో డీ90 దాదాపు 850 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. పీ900కి అది 360. తెర వెలిగించి చూడాల్సిన అవసరం అద్దమున్న కెమెరాకు లేదు మరి.

కొనేవాళ్లకు నాలుగు ముక్కలు. 2020 తరువాత నికాన్, కానన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ ఏదీ తేలేదు. దాదాపు అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు జరుగుతున్నారు. అందుకే పాత బాడీలూ లెన్సులూ ఇంత చవగ్గా దొరుకుతున్నాయి. కొనేముందు షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పనిచేసిందో, అడగండి. డీ90 షట్టర్‌ను లక్ష సార్లు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్లిళ్లు తీసిన బాడీ అయితే ఆ లక్ష ఎప్పుడో దాటిపోయి ఉండవచ్చు. లెన్సులో టార్చి వేసి చూడండి. సముద్రం పక్క ఊళ్ల తేమకు లోపల సాలెగూడులా ఫంగస్ పట్టి ఉంటే, ఎంత చవకైనా వదిలేయండి. సూపర్‌జూమ్ పాతది కొంటే జూమ్‌ను చివరిదాకా చాపి, ముడిచి, శబ్దం వినండి. ఎక్కడైనా తట్టుకుంటే వద్దు. దాని లెన్సు విప్పి మార్చేది కాదు, లోపల దుమ్ము చేరినా, మోటారు పోయినా కెమెరా మొత్తం పోయినట్టే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో బాడీ పోతే లెన్సు మిగులుతుంది.

చేతిలో ఫోనుండగా ఈ రెండూ ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. దగ్గరగా ఉన్న మనుషులు, ఇల్లు, గుడి, కొండ, వీటికి మంచి ఫోను చాలు. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ ఇప్పుడు సూపర్‌జూమ్ సెన్సర్ కన్నా పెద్దది. కనుక జూమ్ వాడని చోట సూపర్‌జూమ్‌తో మీకు ఒరిగేదేమీ లేదు. దాన్ని దూరం కోసమే కొనాలి. అలాగే డీఎస్‌ఎల్‌ఆర్‌ను మసక వెలుతురు కోసం, కదిలేవాటి కోసం కొనాలి, దానికి తగిన లెన్సుతో సహా.

ఇక నా తీర్పు. ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ ఉండి, పిల్లలు, పెళ్లిళ్లు, నాటకాలు, రాత్రి ఉత్సవాలు తీసేవారైతే దాన్ని అమ్మకండి. వచ్చే డబ్బు తక్కువ, పోయే రంధ్రం పెద్దది. ఆ పాత బాడీకే ఒక ఎఫ్ 1.8 లెన్సు కొనండి. పక్షులు, చంద్రుడు, శ్రీహరికోట రాకెట్ మీ సరదా అయితే, బరువు మోయలేకపోతే, పెద్ద రంధ్రమున్న సూపర్‌జూమ్ కొనండి, సిగ్గుపడాల్సిన పని లేదు. షాపువాడు మెగాపిక్సెళ్లు చెబుతాడు, జూమ్ రెట్లు చెబుతాడు, మోడల్ వచ్చిన సంవత్సరం చెబుతాడు. మీరు లెన్సు అంచు మీది రెండు అంకెలు చదివి, మీరు తీయబోయే ఫొటో దగ్గర రంధ్రం ఎంతో భాగించి చూసుకోండి. ఆ తరువాతే ధర అడగండి.